కూలి యెంత? దినములెన్ని? — అనంతపురపు పల్లెపనుల లెక్క

పల్లెలో ఎవరైనను క్రొత్తపనికి కుదిరినారని తెలియగానే ఇరుగుపొరుగువారు మొదట అడుగు ప్రశ్న “కూలి యెంత?” అనునదే. ప్రభుత్వ నివేదికలును, పత్రికలును కూడ తరచు ఈ ప్రశ్నకే సమాధానము చెప్పుచుండును. పొలముపనికి ఇంత, మగ్గముపనికి ఇంత, కర్మాగారములో ఇంత అని అంకెలు వేసి చూపును. ఆ అంకెలు అవసరమైనవే. కాని ఒక కుటుంబము సంవత్సరము పొడవున ఎట్లు గడిపినదో ఆ అంకె ఒక్కటియే చెప్పజాలదు. దాని ప్రక్కన మరియొక ప్రశ్న ఉన్నది: ఆ కూలి సంవత్సరములో ఎన్ని దినములు దొరకినది? వానలు నమ్మరాని సీమలో మొదటి ప్రశ్నకంటె ఈ రెండవ ప్రశ్నయే బరువైనది. ఈ సంగతిని అనంతపురపు పల్లెలను ఉదాహరణముగా తీసికొని పరిశీలింతము.

ఇచ్చట అనంతపురము అనునపుడు పాత ఉమ్మడి జిల్లా అని గ్రహింపవలెను. 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో 63 మండలములు గల ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన రెండుగా విభజింపబడినది. అనంతపురము, తాడిపత్రి, గుంతకల్లు, రాయదుర్గము ప్రాంతములు అనంతపురము జిల్లాలో నిలిచినవి. ధర్మవరము, కదిరి, పెనుకొండ, హిందూపురము ప్రాంతములు పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. హద్దులు మారినను పనిపాటల పొత్తు మారలేదు. కావున రెంటిని కలిపియే చెప్పుకొందము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచ్చట 40 లక్షలకు మించిన జనమున్నారు. వారిలో పదింట ఏడుగురు పల్లెలలోనే ఉన్నారు.

ఈ సీమకు సాలుకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనపు తేమను పడమటి కనుమలు అడ్డుకొనును. ఈశాన్య ఋతుపవనము కోస్తాను దాటి ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనమగును. అనగా రెండు వానకాలములలో ఏదియు పూర్తిగా తనది కాని సీమ యిది. కురియు వానయైనను అదనుకు కురియునన్న నమ్మకము లేదు. 2023 ఖరీఫులో కూడ ఈ రెండు జిల్లాల యందలి పలు మండలములు కరవు మండలములుగా ప్రకటింపబడినవి. ఇచ్చటి కూలివాని పనిదినములు ఎందుకు ఏటికొక విధముగా ఉండునో దీనినిబట్టియే తెలియును.

జనాభా లెక్కలవారు కూడ ఈ దినముల సంగతిని గమనించియే పనివారిని రెండు తరగతులుగా విభజించినారు. సంవత్సరములో ఆరు నెలలు, లేక అంతకు మించి పనిచేసినవారు ప్రధాన శ్రామికులు. ఆరు నెలలకు తక్కువ పనిచేసినవారు ఉపాంత శ్రామికులు. ఇద్దరికిని దినకూలి ఒక్కటియే కావచ్చును. ఇద్దరిని కూడ “పని ఉన్నవారు” అనియే లెక్కింతురు. కాని ఒకరి యింట పొయ్యి సంవత్సరమంతయు వెలుగును, రెండవవారి యింట అప్పు పెరుగును.

ఇక ఒక్కొక్క వృత్తినే చూతము. మొదట వేరుసెనగ. ఎర్రనేలలు, తక్కువ వాన, నూటపది దినముల లోపల చేతికి వచ్చు పంట: ఈ మూడును కలియుటచే ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో అనంతపురము వేరుసెనగ జిల్లాగా మారినది. ఒక దశలో ఇచ్చట ఈ పంట ఎనిమిది లక్షల హెక్టార్లకు మించి సాగైనది. ఇంత విస్తీర్ణమున ఒక్క పంటయే ఉండుట కూలివారికి మేలా, కీడా? రెండును కలవు. జూన్, జూలైలలో వానపడగానే అందరికిని ఒకేమారు విత్తుట, పిమ్మట ఒకేమారు కలుపు, పిమ్మట ఒకేమారు చెట్లు పీకుట, కాయ కోయుట. ఆ దినములలో మనుష్యులు దొరకరు, కూలి పెరుగును, ప్రక్క ఊళ్లనుండి ఆటోలలో, ట్రాక్టర్లలో జనమును తెచ్చుకొందురు. పంట ఇంటికి చేరిన మరునాటినుండి ఆ ఊరిలో పని యనునది కనిపించదు. పంట ఒక్కటే యగుటచే పని రోజులును ఒక్క గుంపుగా వచ్చి, ఒక్క గుంపుగా పోవును.

కాబట్టి పీకుడు కాలమున ఇచ్చిన కూలిని చూచి “ఇచ్చట కూలి చాల హెచ్చినది” అనుకొనుట పొరపాటు. అది పదిహేను, ఇరువది దినముల ధర. వాన అదనుకు రాని సంవత్సరమున ఆ ఇరువది దినములు కూడ ఉండవు. ఏలయన పీకుటకు కాయలుండవు. పశువుల మేతకు కట్టె మాత్రము మిగులును. రైతుకు పెట్టుబడి నష్టము, కూలివానికి పనిదినముల నష్టము. రైతు నష్టమునకు పంటల బీమా, పెట్టుబడి సాయము అను పేర్లైనను ఉన్నవి. కూలివాని నష్టమునకు ఆ పేర్లలో ఒక్కటియు వర్తింపదు.

గడచిన కొన్ని సంవత్సరములుగా వేరుసెనగ విస్తీర్ణము బాగుగా తగ్గి, పూర్వపు ఉచ్ఛదశలో సగమునకంటె తక్కువైనది. గొర్రు స్థానమున ట్రాక్టరు విత్తనపు యంత్రము వచ్చినది. చేతితో కాయ విడిపించుటకు బదులు కాయను వేరుచేయు యంత్రము వచ్చినది. కలుపుతీతకు మందు వచ్చినది. యంత్రము రైతు వ్యయమును తగ్గించినది నిజము. కాని అది తీసివేసినది ముఖ్యముగా స్త్రీల పనిదినములను. యంత్రమును నడుపువాడు పురుషుడు, అతనికి హెచ్చు కూలి. అది తొలగించినది పదిమంది స్త్రీలు చేయు పని. వ్యవసాయకూలి సగటున పెరిగినదని నివేదికలో చదివినపుడు ఆ సగటులో ఈ మార్పు కూడ దాగియున్నదని జ్ఞాపకముంచుకొనవలెను.

వేరుసెనగ వదలిన నేలలో కొంత భాగము తోటలకు తిరిగినది. చీనీ, దానిమ్మ, అరటి, మామిడి, బొప్పాయి తోటలు బిందుసేద్యముతో పెంచుచున్నారు. ఉమ్మడి రాష్ట్రములో 2003లో ఆరంభమైన సూక్ష్మసేద్య పథకమును అనంతపురము రైతులు విరివిగా ఉపయోగించుకొనిరి. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి ఢిల్లీకి కిసాన్ రైలు పండ్లను, కూరగాయలను తీసికొనిపోయినది. ఈ తోటల వలన కూలివారికి కలిగిన లాభము దినకూలి పెరుగుట మాత్రమే కాదు. పని సంవత్సరమంతట పరచుకొనుట. కొమ్మలు కత్తిరించుట, ఎరువు వేయుట, కాయ కోయుట, గ్రేడు చేయుట, పెట్టెలలో సర్దుట, లారీకి ఎక్కించుట — ఇవి వేర్వేరు నెలలలో వచ్చును. అరటి, చీనీ, దానిమ్మ కోతకాలములు ఒక్కటి కావు. కావున కూలి కొంచెము తక్కువైనను తోటలున్న ఊరి కూలివాడు సంవత్సరాంతమున హెచ్చుగా సంపాదింపవచ్చును.

ఐతే ఆ పని నిలుచునది బోరుబావి నీటిపైన. నీరు ఎండినచో తోటయు ఎండును, పనియు పోవును. హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలము నీరు, ఎగువకాలువ ద్వారా తుంగభద్ర నీరు కొన్ని ప్రాంతములకు వచ్చుచున్నవి. నీరు పారి చెరువు నిండిన ఊళ్లలో భూగర్భజలము పెరుగును. అట్టి ఊరికిని, కాలువ చేరని ఊరికిని కూలి రేటులో పెద్ద భేదము లేకున్నను, పనిదినములలో మిక్కిలి భేదము కనబడును.

ఈ పనిదినముల లోటును తీర్చుటకే దేశములో ఒక చట్టము పుట్టినది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో అయినది. దాని అమలు 2006 ఫిబ్రవరి 2న ఈ అనంతపురము జిల్లాలోని నార్పల మండలపు బండ్లపల్లి గ్రామమున ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారి చేతులమీదుగా ఆరంభమైనది. పల్లెలోని ప్రతి కుటుంబమునకును సంవత్సరమునకు 100 దినముల పని, స్త్రీపురుషులకు సమానమైన కూలి, పదునైదు దినములలోపల చెల్లింపు అనునవి దానిలోని ముఖ్యాంశములు. పల్లెజనులు దానిని “కరువు పని” అనియే పిలిచిరి. వేసవిలో, పొలములో ఏ పనియు లేని దినములలో, చెరువుపూడిక తీయుట, పంటకుంటలు త్రవ్వుట, కొండవాలున కందకములు తీయుట దాని పనులైనవి.

ఆ చట్టపు గొప్పదనము కూలి రేటులో లేదు. పొలములో పీకుడు కాలమున వచ్చు కూలి దానికంటె ఎక్కువయే. దాని గొప్పదనము అది ఏ నెలలో దొరకునో దానిలో నున్నది. మార్చి మొదలు జూన్ వరకు, చేతిలో పైస ఆడని కాలమున అది వచ్చెడిది. అందుచేత ఆ మేరకు వలసపోవుట తగ్గినది. షావుకారు వద్ద అప్పుచేయుట కొంత తగ్గినది. మరియొక మేలు కూడ కలిగినది. “ఇంత ఇవ్వకున్నచో కరువు పనికి పోయెదము” అను మాట కూలివారి నోటికి వచ్చినది. పొలముకూలి బేరములో అది మెల్లగా పనిచేసినది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టము స్థానమున మరియొక చట్టమును ఆమోదించినది. దానిలో కుటుంబమునకు 125 దినముల పనిని హామీగా చెప్పినారు. అట్లే విత్తుట, కోతల అదనులలో పొలములకు మనుష్యులు దొరకుటకై మొత్తము 60 దినముల వరకు ఈ పనిని నిలుపుటకు వీలు కల్పించినారు. ఈ రెండు అంకెలును దినములే యని గమనింపవలెను. ఏ 60 దినములు నిలుపుదురు అనునదియే ముఖ్యము. నిజముగా పొలములో పనియున్న దినములు నిలిపినచో కూలివానికి నష్టము లేదు. వాన రాక పొలము బీడుపడిన సంవత్సరమున కూడ కాలెండరు చూచి నిలిపినచో రెండు పనులును లేక అతడు ఇంట కూర్చుండవలసి వచ్చును.

ఇప్పుడు కూలి రేటును గూర్చియే ఒక మాట. రేటు పెరిగినంత మాత్రమున సంపాదన పెరిగినదని చెప్పుటకు వీలులేదు. ధరలను కూడ చూడవలెను. వ్యవసాయకూలీల వినియోగ ధరల సూచిక అని ఒకటి కలదు. కూలికుటుంబము కొను బియ్యము, పప్పు, నూనె, బట్ట, వంటచెరకు, మందులు మొదలగువాని ధరలను నెలనెల సేకరించి దీనిని కట్టుదురు. 1986–87 నాటి ధరలను 100గా పెట్టుకొని లెక్కించిన ఆ సూచిక, దేశము మొత్తమునకు, 2005–06లో సుమారు 360 వద్ద ఉండి, 2024 చివరికి 1,300 దాటినది. అనగా ధరలు మూడున్నర రెట్లకు పైగా పెరిగినవి.

దీనిని ఉపాధిహామీ కూలికి అన్వయించి చూతము. 2006లో మన రాష్ట్రమున ఆ పనికి దినకూలి 80 రూపాయలు. 2019–20లో 211, 2023–24లో 272, 2024–25లో 300, 2025–26లో 307 రూపాయలు. 80 ఎక్కడ, 300 ఎక్కడ అని తోచును. కాని 2006లో 80 రూపాయలకు వచ్చిన సరకులను 2024 చివర కొనుటకు సుమారు 290 రూపాయలు కావలెను. పందొమ్మిదేండ్లలో నిజముగా పెరిగినది రోజుకు పది రూపాయల లోపే. కావున ఎవరైనను “కూలి నాలుగింతలైనది” అనినపుడు, “ధరలు ఎన్నింతలైనవి?” అని తిరిగి అడుగుట నేర్చుకొనవలెను.

పొలమును వదలి మగ్గము వద్దకు పోదము. ధర్మవరపు పట్టుచీరలు, పావడలు దేశమంతట ప్రసిద్ధికెక్కినవి. ఇచ్చట దినకూలి లేదు. చీరకు ఇంత అని లెక్క. షావుకారు పట్టును, జరీని, డిజైనును ఇచ్చును. నేతగాడు నేసి ఇచ్చి కూలి పుచ్చుకొనును. చీరకూలి విన్నచో పెద్దదిగానే వినబడును. కాని ఆ చీర వెనుక ఎందరి దినములున్నవో లెక్కింపవలెను. భార్య కండెలు చుట్టును. ఇంటిలోని పెద్దలు పడుగు సరిచేయుదురు. క్రొత్తపడుగును అచ్చులో అతుకుటకు దినములు పట్టును. వానకాలమున మగ్గపు గుంటలో నీరూరినచో మగ్గము ఆగును. పట్టుధర పెరిగినపుడు షావుకారు ఆర్డరు తగ్గించును. ఆగిన దినములకు కూలి లేదు. చుట్టిన కండెలకు వేరుగా కూలి లేదు. ఒక చీరకూలిని ఇద్దరు పనివారి దినములతో భాగించినచో, ప్రసిద్ధమైన ఆ కళకు దక్కునది పలుమారు పొలముకూలికంటె తక్కువగా తేలును.

2019–20లో జరిగిన అఖిలభారత చేనేత గణనలో కూడ ఇట్టి సంగతియే బయటపడినది. దేశమునందలి నేతకుటుంబములలో మూడింట రెండు వంతుల వారి ఆదాయము నెలకు 5,000 రూపాయల లోపే అని అందు తేలినది. చేనేతకు కొన్ని రకముల బట్టలను ప్రత్యేకించుచు 1985లో చట్టమైనను, అట్టి చీరలే మరమగ్గముపై నేయబడి తక్కువధరకు అంగడికి వచ్చుచున్నవి. 2019 డిసెంబరు మొదలు ఐదు పర్యాయములు రాష్ట్రప్రభుత్వము సొంతమగ్గము గల నేతకుటుంబమునకు ఏటికి 24,000 రూపాయల వంతున సాయము చేసినది. మగ్గము ఆగిన దినములలో అది ఆదుకొన్నది. కాని షావుకారు షెడ్డులో పరుల మగ్గముపై నేయు కూలివానికి అది అందలేదు.

రాయదుర్గమున జీన్సు బట్టల కుట్టుపని, తాడిపత్రిలో నల్లరాతి బండలను కోసి నునుపుచేయు పని కూడ ఇట్లే నగకు ఇంత, అడుగుకు ఇంత అని లెక్కగట్టునవి. ఇట్టి పనులలో చేయి వడిగలవాడు, వయసున్నవాడు ఎక్కువ సంపాదించును. ఏబది యేండ్లు దాటినవాని సంపాదన, అనుభవము పెరిగినకొలది, పెరుగుటకు బదులు తగ్గును. కన్ను మందగించిన దర్జీకి, రాతిధూళి పీల్చి ఆయాసపడు పనివానికి రేటులో మార్పు లేదు. పూర్తిచేయు సంఖ్యలోనే మార్పు. కావున ఈ వృత్తులలో ఆదాయమును వయసుతో కలిపి చూడవలెను.

ఈ సీమకు గాలియు, ఎండయు సమృద్ధి. రామగిరి కొండలపై 1990 ప్రాంతముల దశకములోనే గాలిమరలు వెలసినవి. నంబులపూలకుంట వద్ద పెద్ద సౌరవిద్యుత్ క్షేత్రము ఏర్పడి 2016లో విద్యుత్తు నీయసాగినది. ఇట్టి పనులను గూర్చి వార్త వచ్చినపుడు ఎంతమందికి పని దొరకును అని ఒక అంకె చెప్పుదురు. ఆ అంకెను రెండుగా విడగొట్టి అడుగవలెను: కట్టునపుడు ఎందరు? నడుపునపుడు ఎందరు? నేలను చదునుచేయుట, స్తంభములు పాతుట, పలకలు బిగించుట మొదలగు పనులకు వందలమంది కావలెను. కట్టడము ముగిసిన పిదప పలకలు తుడుచుటకు, కావలి కాయుటకు, యంత్రములు చూచుటకు కొలదిమంది చాలుదురు. భూమిని కౌలుకిచ్చిన రైతుకు ఏటేట సొమ్ము వచ్చును. ఆ భూమిలో కలుపు తీసిన కూలిదానికి ఏమియు రాదు. ఆమె పేరు ఏ ఒప్పందములోను లేదు.

పరిశ్రమ మూతపడుటయు ఈ సీమ ఎరుగనిది కాదు. అదే రామగిరిలో బంగారుగనులుండెడివి. కోలారు గనులను నడిపిన ప్రభుత్వసంస్థయే వీనిని నడుపుచుండెను. 2001లో ఆ సంస్థ మూతపడినది. గనికూలి ఆనాటి పొలముకూలికంటె మేలు. కాని అది నిలిచినపుడు దానితోడనే కాఫీహోటలు, బట్టలకొట్టు, అద్దె ఇండ్లు కూడ దెబ్బతినును. ఒక్క పరిశ్రమపై నిలిచిన ఊరును, ఒక్క పంటపై నిలిచిన ఊరును ఒక్క తీరుననే దెబ్బతినునని ఇందువలన తెలియును.

ఇక సమీపకాలపు పెద్దమార్పు పెనుకొండ వద్ద వచ్చినది. కియా మోటారుకార్ల సంస్థ 2017 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, ఎర్రమంచి గ్రామము వద్ద సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కర్మాగారమును కట్టినది. 2019 ఆగస్టులో ఇచ్చటి కారు అంగడికి వచ్చినది. ఏటికి మూడు లక్షల కార్లను చేయగల శక్తితో ఏర్పడిన ఆ కర్మాగారమునుండి 2023 జూలై నాటికి పది లక్షల కార్లు వెలువడినవి. దాని చుట్టును విడిభాగములు చేయు పరిశ్రమలు వచ్చినవి. వేరుసెనగ చేలనడుమ, హైదరాబాదు–బెంగుళూరు రహదారి ప్రక్కన, నెలజీతము అను క్రొత్తమాట వినవచ్చినది.

దినకూలికిని, నెలజీతమునకును భేదము మొత్తములో మాత్రమే కాదు. నెలజీతమునకు వానతో సంబంధము లేదు. భవిష్యనిధి, వైద్యబీమా, సెలవులు దానిని అంటియుండును. జీతపు చీటీ చూపి బ్యాంకులో తక్కువవడ్డీకి అప్పు పొందవచ్చును. కాని కర్మాగారమునందలి వారందరును ఒక్క తరగతివారు కారు. సంస్థలో స్థిరముగా నున్నవారు, శిక్షణలో నున్నవారు, కాంట్రాక్టరు క్రింద నున్నవారు అని భేదములున్నవి. మోటారు పరిశ్రమలో దేశమంతట ఇదే తీరు. పై భద్రతలన్నియు మొదటి తరగతివారికి పూర్తిగాను, కడపటివారికి ఒప్పందము ఉన్నంతవరకే యును. స్థానికులకు నాలుగింట మూడు వంతుల ఉద్యోగము లీయవలెనని రాష్ట్రశాసనసభ 2019లో చట్టము చేసినది. ఐనను వెల్డింగు, ఫిట్టరు, విద్యుత్పని నేర్చినవాడు లేనిచో స్థానికునకు దక్కునది తోటపని, ఊడ్చుపని, కావలిపని మాత్రమే. చట్టము తలుపు తీయగలదు. లోనికి నడుచుటకు విద్య కావలెను.

ఇట్టి పరిశ్రమ వచ్చిన తరువాత జిల్లా సగటు ఆదాయము పెరిగినదని లెక్కలు చెప్పును. సగటును ఎట్లు చదువవలెనో ఒక చిన్న ఊహాలెక్కతో చూతము. ఒక ఊరిలో నూరుగురు పనివారున్నారనుకొందము. వారిలో 90 మంది ఏటికి 80,000 రూపాయల వంతునను, పదిమంది 2,50,000 వంతునను సంపాదించుచున్నారు. ఊరిసగటు 97,000. ఆ ఊరిలో 97,000 సంపాదించువాడు ఒక్కడును లేడు! మరుసటి యేట ఇంకొక పదిమందికి కర్మాగారములో పని దొరకినది. సగటు 1,14,000కు పెరిగినది. ఊరు పదునేడువేలు బాగుపడినట్లు కాగితముపై కనబడును. మిగిలిన 80 మందికి ఒక్క రూపాయి కూడ పెరుగలేదు. అందుచేతనే తెలిసినవారు సగటుతోపాటు నడిమి ఆదాయమును అడుగుదురు. అందరిని సంపాదన వరుసలో నిలువబెట్టినచో సరిగా మధ్యనున్నవాని ఆదాయమది. మన ఊరిలో రెండేండ్లును అది 80,000 రూపాయలే.

ఇంతవరకు చెప్పినవి జిల్లాలోపలి పనులు. కాని అనంతపురపు పల్లెలకు బెంగుళూరు కూడ ఒక పనిచోటే. రహదారియు, రైలును దగ్గరచేసిన ఆ నగరములో కట్టడపు పని, ఇంటిపని, కావలిపని, వాహనము నడుపుపని దొరకును. పనిచోటును బట్టి లెక్క వ్రాసినచో ఆ కూలి కర్ణాటకపు లెక్కలోనికి పోవును. ఇంటిని బట్టి వ్రాసినచో మన లెక్కలోనికి వచ్చును. అందుచేత ఊరిలో పని లేకున్నను క్రొత్తయిల్లు లేచుట చూచి ఆశ్చర్యపడ నక్కరలేదు. అట్లే ఆ కూలిని పూర్తిగా ఆదాయమని తలపకూడదు. రోజుకు 700 రూపాయల వంతున 200 దినములు పనిచేసినచో 1,40,000 అగును. అద్దెకు, తిండికి నెలకు 6,000 వంతున ఎనిమిది నెలలకు 48,000 తీసివేసినచో మిగులునది 92,000. ఈ అంకెలు ఉదాహరణమునకు చెప్పినవి మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. ఇంటివద్ద వదలిన ముసలివారి తోడును, బడి మానిన పిల్లల చదువును ఏ అంకెలోను చేరవు.

స్త్రీల కూలిని గూర్చి చెప్పనిదే ఈ ప్రసంగము పూర్తికాదు. ఒకే పనికి ఒకే వేతనమని 1976లోనే చట్టమైనది. ఆ నియమమును చేర్చుకొన్న వేతనముల స్మృతి 2019లో ఆమోదింపబడి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఐనను పొలములో “ఇది మగవాని పని, ఇది ఆడవారి పని” అని మొదటనే పేర్లు వేరుచేసి, ఆపైన రేట్లు వేరుచేయుదురు. పని వేరు కావున రేటు వేరని సమర్థింతురు. గంటల తరబడి నడుము వంచి కలుపు తీయుట, మందు చల్లుటకంటె ఎట్లు తేలికయో ఎవరును చెప్పరు. ఉపాధిహామీ పనిలో ఇద్దరికిని ఒకే రేటు ఇచ్చినపుడు స్త్రీలు ఎక్కువగా ముందుకు వచ్చుట సహజము. మన రాష్ట్రమున ఆ పనిదినములలో సగమునకు పైగా వారివే యైనవి.

ఇక ఈ లెక్కయంతయు మన యింటికి ఎందులకు పనికివచ్చును? పదవ తరగతి ముగించిన కుమారుడు ఇంట ఉన్నాడు. నగరమున కట్టడపు పనికి రోజుకు ఇంత ఇచ్చెదమని మేస్త్రీ చెప్పినాడు. ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఫిట్టరు పని నేర్చుకొమ్మని ఉపాధ్యాయుడు చెప్పినాడు. మేస్త్రీ చెప్పిన అంకె కండ్లకు కట్టినట్లుండును. ఉపాధ్యాయుడు చెప్పినది రెండేండ్ల ఆవలనున్నది. ఇట్టి సమయమున తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పని సంవత్సరమునకు ఎన్ని దినములు దొరకును? దానికై చేయు ఖర్చును, ధరల పెరుగుదలను తీసివేసినచో మిగులునదెంత? పదేండ్ల తరువాత ఈ పనిలో రేటు పెరుగునా, లేక ఒంటిబలముతోపాటు తరుగునా? ఈ మూడింటికి సమాధానము వ్రాసి చూచినచో పెద్దదిగా కనబడిన కూలి చిన్నదగుటయు, చిన్నదిగా కనబడినది పెద్దదగుటయు తెలియును. ఇంటి ఇబ్బంది వలన కుమారుని పనికే పంపవలసి వచ్చినను, ఏమి వదలుకొనుచున్నామో తెలిసి పంపుట మేలు.

జిల్లాను పాలించువారికిని ఇదే కొలబద్ద. ఒక క్రొత్తపథకము వలన కూలి ఎంత పెరుగును అని మాత్రమే కాక, పనిలేని నెలలలో ఎన్ని దినములు చేర్చును, అవి ఎవరికి చేర్చును అని అడుగవలెను. ఒక చెరువునకు నీరు తెచ్చుట, ఒక తాలూకాకు మంచి వృత్తిపాఠశాల నిచ్చుట, మగ్గపు గుంటలో నీరూరకుండ గచ్చు కట్టించుట — ఇవి పెద్దవార్తలు కావు. కాని ఇవి పనిదినములను పెంచునవి. గోడకు తగిలించిన కాలెండరులో పనికి పోయిన దినమునకు ఒక గీత పెట్టు అలవాటు పల్లెలలో పలువురు స్త్రీలకు ఉన్నది. సంవత్సరాంతమున ఆ గీతలను లెక్కపెట్టి చూచినచో, ఆ యింటి ఆర్థికస్థితిని గూర్చి ఏ నివేదికయు చెప్పనంత నిజము దానిలో కనబడును.